అడ్మిన్‌కు అట్టిపెట్టిన చోటు

మదనపల్లెలోనో, పుంగనూరులోనో, కుప్పంలోనో మీసేవ కౌంటరు ముందు నిలబడ్డ వాళ్లకు ఈ మాట కొత్త కాదు: "సర్వరు బిజీగా ఉండాదమ్మా, రొంతసేపు కూర్చోండి." ఆదాయ ధ్రువపత్రం కోసం వచ్చిన తల్లి బెంచీ మీద కూర్చుంటుంది. అడంగల్ నకలు కావలసిన రైతు గోడకు ఆనుకుంటాడు. కౌంటరు వెనకున్న కుర్రాడు అదే మీటను మళ్లీ మళ్లీ నొక్కుతుంటాడు. ఆ నొక్కుడు సంగతి కాసేపట్లో చూద్దాం.

ఆ మాట వెనక కారణాలు ఎన్నయినా ఉండొచ్చు. లైను తెగి ఉండొచ్చు, ఓటీపీ ఆలస్యమై ఉండొచ్చు, ఎక్కడో డిస్కు నిండి ఉండొచ్చు. వాటిలో ఒక్కదాన్నే ఈ అధ్యాయంలో పట్టుకుందాం: ఒకేసారి ఇంతమందినే లోపలికి రానిస్తానని డేటాబేస్ సర్వర్ పెట్టుకున్న పరిమితి నిండిపోవడం. మిగతా జబ్బుల్లో మరమ్మతు చేసే అడ్మిన్ సర్వర్ దాకా వెళ్లగలడు. ఈ జబ్బులో సర్వర్ అతన్ని కూడా బయటే ఆపేస్తుంది. ఖాళీ చేయించాలంటే లోపలికి వెళ్లాలి, లోపలికి వెళ్లాలంటే ముందు ఖాళీ ఉండాలి. ఈ ముడిని ఎవరు ఎలా విప్పారో చూడబోతున్నాం.

చిత్తూరు సీమకు ఈ విషయంతో పాత బంధమే ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 1998లో ‘కార్డ్’ పథకం కింద రిజిస్ట్రేషన్ కార్యాలయాల్లోకి కంప్యూటర్లు వచ్చాయి. అప్పట్లో ఏ సబ్ రిజిస్ట్రారు ఆఫీసు కంప్యూటరు ఆ ఆఫీసుదే. మదనపల్లెలో జనం పోటెత్తితే మదనపల్లెలోనే ఆలస్యం, కుప్పానికి దాని సెగ తగిలేది కాదు. 2002లో హ్యూలెట్ ప్యాకార్డ్ కంపెనీ రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి కుప్పంలో ‘ఐ-కమ్యూనిటీ’ మొదలుపెట్టింది. పల్లెల్లో సమాచార కేంద్రాలు తెరిచారు. స్వయం సహాయక సంఘాల మహిళలు సౌరశక్తితో నడిచే ప్రింటరు, డిజిటల్ కెమెరా పట్టుకుని ఊరూరా ఫొటోలు తీశారు. 2011 నవంబరులో మీసేవ తొలి అడుగు వేసింది కూడా చిత్తూరు జిల్లాలోనే. 2019 అక్టోబరు 2 నుంచి గ్రామ, వార్డు సచివాలయాలు వచ్చాయి, 2025 జనవరిలో వాట్సాప్‌లో ‘మన మిత్ర’ వచ్చింది. ఊళ్లో కౌంటర్లు పెరిగాయి, చివరికి కౌంటరు జేబులోకే వచ్చేసింది. పత్రాలు మాత్రం కేంద్రీకృతమైన డేటాబేసుల్లోకి చేరాయి. ఇప్పుడు ఎక్కడ నొక్కిన మీటయినా చివరికి వెళ్లి తట్టేది ఆ కొద్ది తలుపులనే.

ఆ తలుపు దగ్గర ఏం జరుగుతుందో చూద్దాం. మనం తెరమీద చూసే పేజీ నేరుగా డేటాబేస్‌తో మాట్లాడదు. మధ్యలో ఒక అప్లికేషన్ ఉంటుంది. అది తన పేరు, పాస్‌వర్డ్ చెప్పుకుని డేటాబేస్‌తో ఒక కనెక్షన్ తెరుచుకుంటుంది. సర్వర్ ఆ పేరును సరిచూసి, దానికి కొంత మెమరీ కేటాయించి, దాని పనులు చూడడానికి ఒక పనివాడిని నియమిస్తుంది. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ (క్లుప్తంగా పోస్ట్‌గ్రెస్) అనే డేటాబేస్‌లో ఆ పనివాడు ఆపరేటింగ్ సిస్టమ్ దృష్టిలో పూర్తిగా వేరే ప్రాసెస్. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌లో ఒకే పెద్ద ప్రాసెస్ లోపల నడిచే ఒక థ్రెడ్. ఈ తేడాను గుర్తుంచుకోండి, ఆపద వేళ ఇదే కీలకమవుతుంది.

ప్రత్యేకంగా ఏమీ మార్చకపోతే మైఎస్‌క్యూఎల్ 151 కనెక్షన్లను, పోస్ట్‌గ్రెస్ 100 కనెక్షన్లను అనుమతిస్తాయి. కోట్ల జనానికి వందా నూటయాభయ్యా అని ఆశ్చర్యం కలగవచ్చు. కానీ పరిమితి లేని సర్వర్ ఉదారమైన సర్వర్ కాదు. ప్రతి కనెక్షనూ మెమరీ తింటుంది. పెద్ద జాబితాను వరసలో పేర్చమని అడిగితే ఇంకా తింటుంది. ప్రాసెసరు వందలమంది పనివాళ్ల మధ్య తిరుగుతూ, పని చేయడం కంటే మారడానికే ఎక్కువ సమయం పోగొట్టుకుంటుంది. చివరికి మెమరీ అయిపోతే లైనక్స్ తనను తాను కాపాడుకోవడానికి అన్నిటికంటే ఎక్కువ తింటున్న ప్రాసెస్‌ను చంపేస్తుంది. డేటాబేస్ యంత్రంలో అది సాధారణంగా డేటాబేసే. నూటయాభైరెండో మనిషికి లేదని చెప్పడం మిగతా నూటయాభైఒక్కరి పని పూర్తి చేయడానికే.

అయినా ఆ సంఖ్య ఎప్పుడు నిండుతుంది? జనం పెరిగినప్పుడు అని ఎవరైనా చెబుతారు. అది సగమే నిజం. వరసల గణితంలో జాన్ లిటిల్ 1961లో నిరూపించిన సూత్రం ఒకటుంది. లోపల సగటున ఎంతమంది ఉంటారో తెలియాలంటే, సెకనుకు ఎంతమంది వస్తున్నారో, ఒక్కొక్కరు ఎంతసేపు ఉంటున్నారో ఆ రెంటినీ గుణిస్తే చాలు. సెకనుకు 50 వినతులు వస్తున్నాయనుకుందాం. ఒక్కోదానికి 20 మిల్లీసెకన్లు పడితే లోపల సగటున ఉండేది ఒకే ఒక్క కనెక్షన్. నమ్మశక్యం కాకపోయినా లెక్క అంతే. ఇప్పుడు జనం ఒక్కరు కూడా పెరగలేదు, కానీ ఒక్కో వినతికి 3 సెకన్లు పడుతోంది. లోపల 150 మంది! మైఎస్‌క్యూఎల్ పరిమితి అంచుకు వచ్చేశాం. సర్వర్ నిండినప్పుడు వీధిలోకి చూసి జనాన్ని లెక్కపెట్టే ముందు, లోపల ఎవరు కదలకుండా కూర్చున్నారో చూడాలన్నది ఈ గుణకారం నేర్పే మొదటి పాఠం.

జనమే పోటెత్తిన రోజులూ లేకపోలేదు. 2021 ఏప్రిల్ 28 సాయంత్రం 4 గంటలకు పద్దెనిమిదేళ్లు దాటినవాళ్లకు కోవిడ్ టీకా నమోదు తెరిచినప్పుడు కోవిన్ వెబ్‌సైటు మీదికి నిమిషానికి 27 లక్షల చొప్పున వినతులు వచ్చాయి. మొదటి నిమిషాల్లో చాలామందికి పేజీ తెరుచుకోలేదు, ఓటీపీ రాలేదు. ఆ రోజు ముగిసేసరికి కోటీ ముప్పై లక్షలకు పైగా నమోదయ్యారు. అలాంటి దినాలు అరుదు, ముందే తెలిసి వస్తాయి. మామూలు మంగళవారం మధ్యాహ్నం సర్వర్ నిండడానికి కారణం దాదాపు ఎప్పుడూ ఆలస్యమే.

ఆ ఆలస్యం ఎలా పుడుతుందో ఒక ఉదాహరణ తీసుకుందాం. మదనపల్లె చుట్టుపక్కల ఒక ఇంజినీరింగ్ కాలేజీలో మైఎస్‌క్యూఎల్ మీద నడిచే ఫలితాల సర్వర్ అనుకోండి. పొద్దున ఎవరో ఒక లావాదేవీ (ట్రాన్సాక్షన్) తెరిచి, మార్కుల పట్టికను చదివి, లావాదేవీని మూయకుండా లేచి వెళ్లారు. దానివల్ల ఎవరికీ ఇబ్బంది లేదు, అందరూ చదువుకుంటూనే ఉన్నారు. మధ్యాహ్నం ఇంకొకరు ఆ పట్టికకు కొత్త గడి చేర్చమని ఆజ్ఞ ఇచ్చారు. పట్టిక రూపం మారాలంటే దాన్ని వాడుతున్నవాళ్లంతా వదలాలి. పొద్దున తెరిచినది వదల్లేదు కాబట్టి ఈ ఆజ్ఞ ఆగింది. ఆ తర్వాత వచ్చిన ప్రతి విద్యార్థి వినతీ ఈ ఆగిన ఆజ్ఞ వెనక ఆగుతుంది. రెండు మూడు నిమిషాల్లో 151 నిండిపోతాయి. లోపల ఎవరూ పని చేయడం లేదు, ప్రాసెసరు ఖాళీగా ఉంది, అయినా బయట అందరికీ 1040 నంబరు లోపం కనిపిస్తోంది: కనెక్షన్లు మరీ ఎక్కువయ్యాయని. పొద్దున తెరిచి వదిలేసిన ఆ ఒక్క లావాదేవీని తుంచేస్తే అంతా సెకన్లలో సర్దుకుంటుంది. తుంచేవాడు ఎలా లోపలికి వెళ్లాలి?

ఈ ప్రశ్న కంప్యూటర్ల కంటే పాతది. కోపెన్‌హాగెన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన అగ్నర్ క్రారుప్ ఎర్లాంగ్ 1909లో టెలిఫోన్ కాల్స్ రాకడ మీద తొలి గణితం రాశాడు. 1917లో ఇన్ని లైన్లుంటే ఎన్ని కాల్స్‌కు చోటు దొరకదో చెప్పే సూత్రాన్ని ఇచ్చాడు. ఆ దారిలో వచ్చిన టెలిఫోన్ ఇంజినీర్లు రెండు ఎక్స్‌ఛేంజీల మధ్యనున్న లైన్లలో చివరి కొన్నిటిని మామూలు కాల్స్‌కు ఇవ్వకుండా ముఖ్యమైన వాటికి అట్టిపెట్టే పద్ధతిని పట్టుకున్నారు. అలా పక్కన పెట్టేవి కొద్దిగా ఉన్నంతకాలం మామూలు కాల్స్‌కు కలిగే నష్టం చాలా స్వల్పం, ముఖ్యమైన వాటికి కలిగే మేలు చాలా ఎక్కువ. ఇది గణితం చూపిన అందమైన సంగతి. సెల్‌ఫోన్ వచ్చాక ఈ ఆలోచన మరో రూపం ఎత్తింది. మదనపల్లెలో బస్సెక్కి ఫోను మాట్లాడుతూ పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం వెళ్లే మనిషి మాట ఒక టవర్ నుంచి ఇంకో టవర్‌కు చేతులు మారుతూ పోతుంది. కొత్త కాల్‌కు చోటు లేదనడం కంటే నడుస్తున్న మాట మధ్యలో తెగడం ఎక్కువ బాధ. అందుకే టవర్ కొన్ని ఛానెళ్లను కొత్త కాల్స్‌కు ఇవ్వకుండా, పక్క టవర్ నుంచి వచ్చే మాటల కోసం కాపు పెట్టుకునే పద్ధతి 1980ల నుంచి వాడుకలో ఉంది.

లైనక్స్ కూడా ఇదే పని డిస్కులో చేస్తుంది. ఎక్స్‌ట్4 ఫైల్ సిస్టమ్ మామూలుగా 5 శాతం జాగాను సర్వహక్కులున్న రూట్ ఖాతా కోసం పక్కన ఉంచుతుంది. మామూలు ప్రోగ్రాములకు డిస్కు నిండినా రూట్ లోపలికి వచ్చి ఫైళ్లు తీసేయగలడు.

పుంగనూరులో సుగుటూరు గంగమ్మ జాతర చూసినవాళ్లకు ఈ నియమం కంటికే కనబడుతుంది. ఇసకేస్తే రాలని జనంలో తాడు కట్టి ఒక సన్నని దారి వదిలి ఉంచుతారు. ఆ దారిలో నడిచేవాళ్లు జనం కంటే గొప్పవాళ్లని కాదు. తొక్కిసలాట మొదలైతే దాన్ని విడదీయగలిగినవాళ్లు లోపలికి రావడానికి ఇంకో దారి ఉండదు. ఆ తాడును తొక్కిసలాట మొదలయ్యాక కట్టడం కుదరదు.

డేటాబేసులు ఈ తాడును తలా ఒక రకంగా కట్టాయి. పోస్ట్‌గ్రెస్ తన 100లో 3 కనెక్షన్లను సర్వహక్కులున్న సూపర్‌యూజర్ ఖాతా కోసం ఆపుకుంటుంది, మామూలు వాడుకరులకు 97 మాత్రమే. మైఎస్‌క్యూఎల్ దారి వేరు. 151 నిండాక 152వదాన్ని కూడా లోపలికి తీసుకుని, వచ్చింది అడ్మిన్ హక్కులున్న ఖాతా అయితే ఉండనిస్తుంది, కాకపోతే పంపేస్తుంది. మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్ 2005 నుంచి అడ్మిన్‌కు పూర్తిగా వేరే కనెక్షన్ ఇచ్చింది. దానికి ప్రత్యేకమైన పోర్ట్, ముందే పక్కన పెట్టిన మెమరీ, దాని పనులకే కేటాయించిన షెడ్యూలర్ ఉంటాయి. ఒకసారికి ఒక్కరే వాడగలరు, ముందుగా అనుమతించకపోతే ఆ యంత్రం మీద కూర్చుని మాత్రమే వాడాలి. నా దృష్టిలో ఈ మూడిటిలో జబ్బును సరిగా అర్థం చేసుకున్నది ఎస్‌క్యూఎల్ సర్వర్ రూపకర్తలే. ఊపిరాడని సర్వర్‌లో చోటు ఒక్కటే చాలదు, ఆ చోట్లో కూర్చున్నవాడు కదలడానికి మెమరీ, ప్రాసెసరు సమయం కూడా ముందే తీసిపెట్టాలి.

మైఎస్‌క్యూఎల్ పాత పద్ధతిలో ఒక సూక్ష్మమైన లోపం ఉంది. ఆ అదనపు చోటు అడ్మిన్‌కే అంటారు గానీ, వచ్చింది ఎవరో తెలియాలంటే ముందు పేరూ పాస్‌వర్డూ చూడాలి. ఆ చూసే క్షణాల్లో ఆ చోటు మామూలు వినతి చేతిలోనే ఉంటుంది. ఇప్పుడు కౌంటరు కుర్రాడి దగ్గరికి వద్దాం. అతను మీట నొక్కిన ప్రతిసారీ, అతనిలాంటి వందలమంది నొక్కిన ప్రతిసారీ, ఒక్కో కొత్త ప్రయత్నం వచ్చి ఆ ఒక్క చోటులో క్షణంపాటు కూర్చుని వెళుతుంది. సరిగ్గా అప్పుడే తలుపు తట్టిన అడ్మిన్‌కు కూడా 1040యే ఎదురవుతుంది. అప్లికేషన్లు తమంతట తాము మళ్లీ మళ్లీ ప్రయత్నించేలా రాసి ఉంటే, మనుషులు నొక్కకపోయినా ఇదే జరుగుతుంది. అందుకే మంచి అప్లికేషన్ ఒకసారి విఫలమైతే కాసేపు ఆగుతుంది, మళ్లీ విఫలమైతే అంతకు రెట్టింపు ఆగుతుంది, అందరూ ఒకే క్షణంలో రాకుండా ఆ ఆగడంలో కొంచెం తేడా కూడా కలుపుకుంటుంది.

అంతకంటే పెద్ద ప్రమాదం మనుషుల అలవాటులో ఉంది. తొందరలో అప్లికేషన్‌కు అడ్మిన్ ఖాతానే ఇచ్చేస్తారు. హక్కుల గొడవ ఉండదు, ఏ పట్టికనైనా తెరవొచ్చు, పని త్వరగా అవుతుంది. ఆ క్షణం నుంచి అట్టిపెట్టిన చోటుకు అర్థం పోతుంది. పోస్ట్‌గ్రెస్ 97 నిండాక మిగిలిన 3 చోట్లనూ అప్లికేషనే సూపర్‌యూజర్ పేరుతో తినేస్తుంది. సర్వర్ ఆరోగ్యాన్ని నిమిషానికొకసారి చూసే పర్యవేక్షణ ప్రోగ్రాముకు అడ్మిన్ హక్కులిచ్చినా ఇదే ఫలితం. మైఎస్‌క్యూఎల్‌లో ఉన్న ఒకే ఒక్క అదనపు చోటులో అది పీట వేసుకుని కూర్చుంటుంది. ఈ అధ్యాయంలో నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే. అడ్మిన్ చోటును పోగొట్టేది జనం కాదు, ముందెప్పుడో ఒక ప్రశాంతమైన రోజున అడ్మిన్ తాళంచెవిని ప్రోగ్రాముల చేతికిచ్చిన నిర్ణయం. పోస్ట్‌గ్రెస్ 2023లో విడుదల చేసిన 16వ రూపంలో దీనికొక మందు ఇచ్చింది. పర్యవేక్షణ లాంటి పనులకు సూపర్‌యూజర్ హక్కు లేకుండానే, వేరుగా అట్టిపెట్టిన కొన్ని చోట్లు వాడుకునే పాత్రను సృష్టించింది.

మైఎస్‌క్యూఎల్ అంతకు ముందే, 2019 జనవరిలో, 8.0.14 రూపంతో ఇంకా ముందుకెళ్లింది. అడ్మిన్‌కు వేరే చిరునామా, వేరే పోర్ట్ 33062. అక్కడికి వచ్చేవాళ్లకు మామూలు పరిమితి వర్తించదు, ఎంతమంది అడ్మిన్లయినా రావచ్చు, ప్రత్యేక హక్కు మాత్రం ఉండాలి. చాలామంది గమనించనివి రెండున్నాయి. ఆ చిరునామాను మనం రాసిపెడితే తప్ప ఆ పోర్ట్ తెరుచుకోదు. తెరుచుకున్నాక కూడా, మామూలు కనెక్షన్లను స్వీకరించే థ్రెడ్డే దీన్నీ చూస్తుంది. వేరే థ్రెడ్ కావాలంటే ఇంకో అమరికను మార్చాలి. సౌకర్యం ఉంది కదా అని ఊరుకున్నవాళ్లకు ఆపద రోజున అది ఉండదు.

మరి ఏ ఏర్పాటూ లేకుండా సర్వర్ నిండిపోతే? ఇక్కడే ప్రాసెస్‌కూ థ్రెడ్‌కూ ఉన్న తేడా అక్కరకొస్తుంది. పోస్ట్‌గ్రెస్‌లో ఒక్కో కనెక్షన్ ఒక్కో ప్రాసెస్ కాబట్టి, డేటాబేస్‌లోకి వెళ్లకుండానే ఆపరేటింగ్ సిస్టమ్ నుంచి ఒకదాన్ని మర్యాదగా ముగించమని సంకేతం పంపవచ్చు. మర్యాదగా అన్న మాట ముఖ్యం. కోపంలో నిర్దాక్షిణ్యంగా చంపే సంకేతం పంపితే, పంచుకుంటున్న మెమరీ చెడిపోయిందేమోనన్న అనుమానంతో పోస్ట్‌గ్రెస్ అందరి కనెక్షన్లనూ తెంచి మొదటి నుంచి కోలుకోవడం మొదలుపెడుతుంది. మైఎస్‌క్యూఎల్‌లో అన్నీ ఒకే ప్రాసెస్‌లో థ్రెడ్లు, బయటి నుంచి ఒక్కదాన్నే తుంచలేం. పాత రోజుల్లో మైఎస్‌క్యూఎల్ నిపుణులు ప్రోగ్రాముల లోపాలు వెతికే జీడీబీ పరికరాన్ని నడుస్తున్న సర్వర్‌కు తగిలించి, దాని మెమరీలో ఉన్న పరిమితి సంఖ్యను నేరుగా మార్చేసేవారు. సర్వర్‌కు తెలియకుండానే 151 కాస్తా 5000 అయ్యేది, అడ్మిన్ లోపలికి దూరేవాడు. తగిలించిన ఆ క్షణాల్లో సర్వర్ మొత్తం స్తంభించిపోతుంది, చెయ్యి తప్పితే కూలిపోతుంది. ఆ నేర్పును మెచ్చుకోవలసిందే, దాని మీద ఆధారపడకూడదు. ఒరాకిల్‌లో కూడా లాగిన్ పూర్తి కాకుండానే సర్వర్ మెమరీని చూడగలిగే ఒక ప్రాథమిక కనెక్షన్ ఉంది, అక్కడి నుంచి రోగ నిర్ధారణ చేయవచ్చు గానీ మామూలు క్వెరీలు నడవవు.

ఇవేవీ తెలియనిచోట జరిగేది రీస్టార్ట్. మన ఆఫీసుల్లో సర్వసాధారణమైన ఈ వైద్యం మీద నాకు తీవ్రమైన అభ్యంతరం ఉంది. రీస్టార్ట్ చేస్తే పొద్దున లావాదేవీ తెరిచి వదిలేసిందెవరో చెప్పే సాక్ష్యం పోతుంది. మెమరీలో పోగేసుకున్న డేటా పోయి, ప్రతి వినతికీ డిస్కు దాకా వెళ్లాలి. ఒక్కో వినతికి పట్టే కాలం పెరుగుతుంది. లిటిల్ గుణకారం మనకు తెలుసు, కాలం పెరిగితే కనెక్షన్లు మళ్లీ నిండుతాయి. బయట ఎదురుచూస్తున్న అప్లికేషన్లన్నీ ఒక్కుమ్మడిగా వచ్చిపడతాయి కూడా. పరిమితిని పెంచేయడం కూడా అంతకంటే పెద్ద మెరుగు కాదు. మైఎస్‌క్యూఎల్‌లో అది నడుస్తుండగానే కుదురుతుంది, పోస్ట్‌గ్రెస్‌లో ఎలాగూ రీస్టార్ట్ కావాలి. ఆగిన ఆజ్ఞ వెనక నిలబడేవాళ్ల సంఖ్య 150 నుంచి 500 అవుతుంది, అంతే.

లోపలికి వెళ్లిన అడ్మిన్ చేయవలసింది చూడడం. ఏ కనెక్షన్ ఎంతసేపటి నుంచి ఏం చేస్తోందో చెప్పే జాబితా ప్రతి డేటాబేస్‌లోనూ ఉంది. అందులో ఎక్కువ హడావిడి చేస్తున్నవాటి మీదికి కళ్లు పోతాయి, కానీ నేరస్థుడు తరచు ఏమీ చేయకుండా లావాదేవీ తెరుచుకుని కూర్చున్న కనెక్షనే. మైఎస్‌క్యూఎల్ ఊరికే కూర్చున్న కనెక్షన్‌ను 28,800 సెకన్లు, అంటే ఎనిమిది గంటలు భరిస్తుంది. ఒక ఆఫీసు రోజంతా. దాన్ని తుంచి, వరస కదిలాక, ఆ ఎనిమిది గంటలను నిమిషాలకు తగ్గించడం, ఒక్కో అప్లికేషన్ ఖాతాకు విడిగా పరిమితి పెట్టడం, మధ్యలో కనెక్షన్లను పంచిపెట్టే పూలర్‌ను నిలపడం తీరిగ్గా చేసే పనులు. పోస్ట్‌గ్రెస్ ముందు నిలిచే పీజీబౌన్సర్ అనే పూలర్ స్కైప్ ఇంజినీర్ల చేతుల్లో పుట్టింది. వేలమంది వాడుకరులను కొన్ని పదుల కనెక్షన్ల మీద నడిపించగలదు.

దీన్ని చదివి వదిలేయకుండా చేసి చూడమని మదనపల్లె, పుంగనూరు, కుప్పం కాలేజీ విద్యార్థులను కోరుతున్నాను. ల్యాబులో ఒక కంప్యూటరు చాలు. మైఎస్‌క్యూఎల్ పెట్టుకుని పరిమితిని 5కు దించండి. మామూలు ఖాతాతో ఐదు కిటికీలు తెరవండి. ఆరోదాన్ని అదే ఖాతాతో తెరవబోతే 1040 కనబడుతుంది. రూట్‌తో ప్రయత్నిస్తే లోపలికి వెళతారు. ఆ కిటికీని మూయకుండా పక్క స్నేహితుణ్ని కూడా రూట్‌తోనే రమ్మనండి, అతన్ని రానివ్వదు. తర్వాత అడ్మిన్ చిరునామా రాసి, సర్వర్‌ను మళ్లీ మొదలుపెట్టి, ఐదు కిటికీలూ మళ్లీ నింపి, ఇద్దరూ 33062 పోర్ట్ నుంచి రండి. అప్పుడు జాబితా తెరిచి, ఎక్కువసేపు ఊరికే కూర్చున్న కనెక్షన్ నంబరు చూసి, దాన్ని తుంచి, ఆరో కిటికీ తెరుచుకుంటుందో లేదో చూడండి.